ఎదుగని బిడ్డ, ఎరుగని లోటు

నాట్ల కాలమున వనపర్తిలోని ఏ ఎరువుల దుకాణము ముందు కొంతసేపు నిలుచున్నను, అక్షరము ముక్క రాని రైతు సైతము జింకు సల్ఫేటు సంచిని పేరు పెట్టి అడిగి భుజాన వేసికొని పోవుట చూడవచ్చును. నాటిన రెండు మూడు వారములకు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పొడసూపి, మడిలో అక్కడక్కడ పైరు గిడసబారి, పిలకలు పెట్టక నిలిచిపోయినచో, అది పురుగు కాదనియు, తెగులు కాదనియు, నేలలో జింకు చాలకపోవుటయే యనియు జూరాల కాలువ క్రింద సేద్యము చేయు ప్రతి ఇంటివారికిని నేడు తెలియును. ఎకరమునకు 20 కిలోలు ఆఖరి దమ్ములో చల్లవలెననియు, భాస్వరపు ఎరువుతో కలిపి చల్లినచో రెండును ఒకదానినొకటి పట్టుకొని పైరుకు దక్కకుండ పోవుననియు కూడ వారెరుగుదురు. వరికి వచ్చు ఈ జాడ్యమునకు జింకు లోపమే మూలమని పంత్‌నగర్ విశ్వవిద్యాలయమున వై. ఎల్. నేనే యను శాస్త్రజ్ఞుడు 1966లో కనిపెట్టగా, ఆ విజ్ఞానము వ్యవసాయ విస్తరణాధికారుల నోట, దుకాణదారుల నోట, తోటి రైతుల నోట పాకి మన పాలమూరు చెలకల గట్టుదాక వచ్చినది. కాని అదే రైతు ఇంట, అదే లోహము చాలక, అదే విధముగా గిడసబారిన బిడ్డ ఉండవచ్చునను మాట మాత్రము ఆ ఇంటి గడప యింకను దాటలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలోని ఏ ప్రభుత్వ పాఠశాలకైనను ఉదయపు ప్రార్థన వేళకు పోయి చూడుడు. పిల్లలను ఎత్తు వరుసన నిలువబెట్టుట మన బడుల ఆచారము. ప్రతి తరగతి వరుసకును మొదట నిలుచు బిడ్డ యొకడుండును. వాడు మూడవ తరగతిలోను మొదటివాడే, నాలుగవ తరగతిలోను మొదటివాడే, ఆరవ తరగతికి వచ్చునప్పటికి నాలుగవ తరగతి చదువు తమ్ముడు వాని చెవిని దాటి ఎదిగియుండును. నిరుడు కుట్టించిన నిక్కరు ఈ యేడును సరిపోయినదని తల్లి సంతోషించునే కాని, బట్ట నిలిచినది బిడ్డ నిలిచిపోవుట వలన నని ఆమెకు తోచదు. తోచినను, ‘మా ఇంట్ల అందరు పొట్టోల్లే సారు’ అని తండ్రియు, ‘ఆలస్యంగ ఎదుగుతడు తియ్యిండ్రి’ అని పక్కింటి పెద్దమ్మయు ఆ శంకను అక్కడనే త్రుంచివేయుదురు. ఈ రెండు మాటలును పెక్కు సందర్భములలో నిజములే. తల్లిదండ్రుల పోలికను బట్టి పొట్టిగా నుండు పిల్లలును, యౌవనము ఆలస్యముగా వచ్చి ఆ పిమ్మట తోటివారిని అందుకొను పిల్లలును కలరు. వారికి ఏ చికిత్సయు అక్కరలేదు. కాని ఏ బిడ్డ ఆ కోవకు చెందినదో, ఏ బిడ్డ తిండిలోని లోటు వలననో, హార్మోను లోపము వలననో, థైరాయిడు మందగించుట వలననో నిలిచిపోయినదో, కొలిచి చూడక చెప్పుట బ్రహ్మకును సాధ్యము కాదు. ఆ కొలుచుట మన మూడు జిల్లాలలో సక్రమముగా సాగవలెననియు, కొలిచిన పిమ్మట బిడ్డ తినుచున్న తిండిని, బిడ్డలోని గ్రంథిని రెంటిని విచారించు ఏర్పాటు జిల్లా కేంద్రముననే ఉండవలెననియు నా వాదము.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో జరిగినప్పుడు తెలంగాణములో ఐదేండ్ల లోపు పిల్లలలో వయస్సునకు తగిన ఎత్తు లేనివారు నూటికి 28 మందిగా తేలిరి; 2019-21 నాటి సర్వేలో ఆ సంఖ్య 33కు పెరిగినది. కాలువలు పారి, ధాన్యపు రాసులు పెరిగి, రాష్ట్రము వరిసాగులో పేరుగాంచిన ఆ సంవత్సరములలోనే మన బిడ్డల ఎత్తు వెనుకబడినదన్న సంగతి ఎంత ఆలోచింపదగినదో పాఠకులే గ్రహింపగలరు. బరువు తగ్గిన బిడ్డ నాలుగు నెలల మంచి తిండితో కోలుకొనును. ఎత్తు తగ్గుట మాత్రము నెలల లోటు కాదు, ఏండ్ల లోటు. 2016-18లో దేశమంతట జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల రక్తమును కూడ పరీక్షించిరి. నాలుగేండ్ల లోపు పిల్లలలో నూటికి 19 మందికి, పది నుండి పందొమ్మిదేండ్ల వయస్సు వారిలో నూటికి 32 మందికి జింకు చాలకున్నదని తేలినది. అనగా ఎముక సాగి మనిషి ఆకృతి దాల్చవలసిన కౌమారముననే ఈ కొరత మిక్కుటముగా నున్నది.

మనుష్యునికి జింకు కొరత కలుగుననియు, కలిగినచో ఎదుగుదల ఆగిపోవుననియు లోకమునకు తెలిపినవాడు మన దేశస్థుడే. బీహారులోని బక్సర్‌లో పుట్టి, పాట్నాలో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాలో పైచదువులు ముగించిన ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్ దేశపు షిరాజ్ నగరమునకు అధ్యాపకుడుగా పోయెను. అచ్చటి ఆసుపత్రికి ఇరువది యొక్క సంవత్సరముల యువకుడొకడు వచ్చెను. చూచుటకు ఎనిమిది పదేండ్ల బాలునివలె నుండెను. మీసము లేదు, గడ్డము లేదు, యౌవన చిహ్నమేదియు లేదు. రక్తము పాలిపోయి, కాలేయమును ప్లీహమును ఉబ్బియుండెను. వాని ఆహారమేమని విచారింపగా పొంగని గోధుమ రొట్టెయే తప్ప మాంసము ఇంచుమించుగా లేదనియు, దానికి తోడు వాడు మన్ను తినుచుండెననియు తెలియవచ్చెను. అట్టివారు ఆ ప్రాంతపు పల్లెలలో మరికొందరు కనబడిరి. రక్తహీనతకు ఇనుము చాలకపోవుట కారణమని చెప్పవచ్చును గాని, ఇనుము లోపించిన మాత్రమున ఎదుగుదలయు యౌవనమును నిలిచిపోవునని ఏ గ్రంథమునను లేదే యని ప్రసాద్ తర్కించెను. పశువులలో జింకు లోపము వలన ఎదుగుదల నిలుచునని అప్పటికే తెలిసియుండుట చేత, మనుష్యులలోను అట్లేల జరుగరాదని అనుమానించెను. తరువాత ఈజిప్టునకు పోయి, అచ్చటి పల్లెలలో అదే స్థితిలోనున్న బాలురను పరీక్షించి, 1963 నాటికి తన యనుమానము సత్యమని నిరూపించెను. జింకు ఇచ్చిన పిమ్మట వారిలో కొందరు ఒక్క సంవత్సరములో అయిదారు అంగుళములు పెరిగిరి. నెలలు తిరుగక ముందే యౌవన చిహ్నములు పొడసూపినవి. అయినను ఈ సత్యమును విద్వత్ప్రపంచము వెంటనే అంగీకరింపలేదు. ఇంత సర్వవ్యాప్తమైన లోహము ఎవరికైనను కొరవడునా యని వాదించినవారు పెక్కురు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1974లో గాని జింకును మనుష్యునకు అత్యావశ్యకమైన పోషకముగా ప్రకటింపలేదు. ఒక్క రోగి యొద్ద నిలిచి, పుస్తకములోని కారణముతో తృప్తి చెందక, వాడేమి తినుచున్నాడని అడిగిన వైద్యుని ఆ ప్రశ్నయే నా దృష్టిలో ఈ కథ కంతకును ప్రాణము. నేటి మన ఆసుపత్రులలో ఆ ప్రశ్నకు తీరిక లేదు.

మన్ను తినుట యనగానే ఇరాన్ దేశపు వింత యని తలపవలదు. బలపములు కొరుకు పిల్లలు, గోడ సున్నము గీకి తినువారు, చేటలోని పచ్చి బియ్యము గుప్పెడు గుప్పెడుగా బుక్కుచుండు బాలికలు మన ఇండ్లలో లేరా? తల్లులు చేతి మీద కొట్టి మాన్పింతురే గాని, ఆ చాపల్యము రక్తములో ఇనుము తగ్గుట వలన పుట్టునది కావచ్చుననియు, ఇనుము తగ్గిన చోట జింకు కూడ తరచుగా తగ్గియుండుననియు వారికి తెలియదు. ఏ తిండిలో ఇనుము చాలదో ఆ తిండిలోనే జింకును చాలదు. తెలంగాణములో ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత యున్నదని 2019-21 సర్వే చెప్పుచున్నది. ఆ లెక్కను జింకు దృష్టితో కూడ చదువవలసి యున్నది.

ఇక జింకునకును గ్రోత్ హార్మోనునకును గల బాంధవ్యము. మెదడు అడుగున నున్న పీయూష గ్రంథి 191 అమైనో ఆమ్లముల గొలుసైన ఈ హార్మోనును తయారుచేసి, కణములలోని చిన్న చిన్న తిత్తులలో నిలువ చేయును. ఆ నిలువలో రెండేసి హార్మోను అణువులు జింకు అయానుల సాయముతో జంటలై ఒదిగియుండును. బిడ్డ గాఢనిద్రలో నున్నప్పుడు ఆ తిత్తులు విచ్చుకొని హార్మోను రక్తములో చేరును. అది కాలేయమునకు పోయి ఐ.జి.ఎఫ్.-1 అను మరియొక పదార్థమును పుట్టించును; ఎముకల కొనల నుండు మృదులాస్థి ఫలకములలో ఆ రెంటి ప్రేరణ వలన కణములు విభజన చెంది ఎముక సాగును. కణము విభజన చెందుటకు జింకు లేనిదే సాగదు, ఐ.జి.ఎఫ్.-1 పుట్టుటకును, పుట్టిన పిమ్మట దాని ఆజ్ఞ కణములో చెల్లుటకును జింకే కావలెను. కావున జింకు కొరవడిన బిడ్డ రక్తములో ఐ.జి.ఎఫ్.-1 తగ్గియుండును, పైపై పరీక్షకు హార్మోను లోపము వలె కనబడును. జింకు లేని మేత మేపిన ఎలుకలకు హార్మోను సూది మాత్రమే ఇచ్చి చూచినప్పుడు ఎదుగుదల కోలుకొనలేదని ప్రయోగములలో తేలినది. ఇందు మనము గ్రహింపవలసిన దేమనగా, తిండి సంగతి విచారింపక గ్రంథి మీద నింద మోపుట ఎంత పొరపాటో, గ్రంథి సంగతి విచారింపక తిండి చాలదని ఏండ్ల తరబడి త్రోసిపుచ్చుటయు అంతే పొరపాటు.

మన శరీరమున జింకును మూటగట్టి దాచుకొను కోశము లేదు. ఇనుమునకు కాలేయము, సున్నమునకు ఎముక నిలువగదులుగా నున్నట్లు దీనికి ఏదియు లేనందున, ఏ నాటి జింకు ఆ నాడే తిండి ద్వారా రావలసియున్నది. ఈ మూడు జిల్లాల విస్తరిని ఒకసారి చూతము. ఒక తరము క్రిందటి వరకు పాలమూరున జొన్న రొట్టె, జొన్న గటక, సద్ద రొట్టె, తైదంబలి, పల్లీల పొడి, నువ్వుల పొడి, కందిపప్పు దినదినపు భోజనము; వరియన్నము పండుగకు, చుట్టము వచ్చినప్పటికి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. ఆ తరువాత జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీరు వచ్చి చెలకలు మడులైనవి. ఆకలి తగ్గినది, ఆ మేలును నేను తక్కువ చేయను, వలస బస్సు ఎక్కవలసిన కుటుంబములకు ఆ బియ్యపు విలువ ఎంతటిదో ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్ప బనిలేదు. కాని పళ్లెములో అన్నపు కుప్ప పెరిగిన కొలది పప్పు పలుచనై, పొడి మాయమై, జొన్న కనుమరుగైనది. పాలిషు బియ్యములో నూరు గ్రాములకు జింకు సుమారు ఒక మిల్లీగ్రాము. జొన్నలో దానికి రెట్టింపునకు చేరువ, తైదలలో అంతకును ఎక్కువ, పల్లీలలో మూడు మిల్లీగ్రాముల పైమాట, నువ్వులలో ఏడు మిల్లీగ్రాముల పైన.

అంతమాత్రమున పూర్వపు తిండి అంతయు అమృతమనియు నేటిది విషమనియు తీర్మానించుట న్యాయము కాదు. షిరాజ్ యువకుడు తిన్నదియు పొట్టు తీయని పిండి రొట్టెయే. గింజ తన మొలకకై భాస్వరమును ఫైటేటు అను రూపమున పొట్టులో దాచుకొనును. ఆ ఫైటేటు కడుపులో జింకును పట్టుకొని పేగుకు అందనీయదు. భాస్వరపు ఎరువుతో కలిపిన జింకు పైరుకు దక్కదని తెలిసిన రైతునకు ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు. పొలములో జరుగునదే కడుపులోను జరుగుచున్నదన్నచో ఆతడు తల యూచును. మన పెద్దలు దీనికి విరుగుడు తెలిసియో తెలియకయో చేసిరి. గటకకు రవ్వ నానబెట్టుట, అంబలిని రాత్రి పులియబెట్టుట, తైదలను మొలకెత్తించి ఎండబెట్టి విసరుట, ఇవి యన్నియు ఫైటేటును తగ్గించు పనులే. జొన్న తిరిగి రావలెనని కోరువారు జొన్నతో పాటు ఆ నానబెట్టుటను, పులియబెట్టుటను కూడ తిరిగి తేవలెను. దాని ప్రక్కన పాలో, పెరుగో, గుడ్డో, వారమునకు ఒక్కసారియైనను మాంసమో ఉండవలెను.

నల్లమల చెంచుల సంగతి వేరు. అమ్రాబాదు, లింగాల, మన్ననూరు వైపు పెంటలనబడు గూడెములలో నివసించు ఆ జనులు అడవి దుంపలు, తేనె, వేట మాంసములతో బ్రతికిన కాలమును 1943లో వెలువడిన తన గ్రంథమున మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ విపులముగా వర్ణించెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట మానినది. పులులను కాపాడుట ధర్మమే; అయితే జింకు మిక్కిలిగా గల ఆహారమును చట్టముతో తీసివేసిన ప్రభుత్వము, దానికి బదులుగా రేషను బియ్యమును మాత్రమే పెంటకు చేర్చుట లోటు కాదా? ఆ పెంటలలో గుడ్డు ఎన్నడును తప్పక అందవలెనని కోరుట భిక్ష కాదు, బాకీ.

తినుట ఒక యెత్తు, నిలుపుకొనుట మరియొక యెత్తు. విరేచనములైన ప్రతిసారి బిడ్డ దేహము నుండి జింకు పోవును. జింకు తగ్గిన బిడ్డకు విరేచనములు మరల మరల వచ్చును. 1990 దశకమున ఢిల్లీ పేటలలో మహరాజ్ కిషన్ భాన్ మొదలగు మన వైద్యులు చేసిన పరిశోధనలు, జింకు ఇచ్చినచో విరేచనములు త్వరగా కట్టుననియు, ఉద్ధృతి తగ్గుననియు చూపినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫ్‌యు 2004లో ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకు మాత్రలను ప్రతి బిడ్డకు ఇయ్యవలెనని ఉమ్మడిగా చెప్పుటకు ఆధారమైన వానిలో ఇవియు నున్నవి. నేడు మన ఆశా కార్యకర్త సంచిలో ఆ మాత్రలున్నవి. ఆరు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాముల మాత్ర యొకటి, చెంచాడు నీటిలోనో తల్లిపాలలోనో కరగించి, 14 దినములు ఇయ్యవలెను. జరుగున దేమి? మూడవనాడు విరేచనములు కట్టును. ‘తగ్గింది గద’ అని తల్లి మాత్రల పట్టీని గూటిలో దీపపు బుడ్డి ప్రక్కన పెట్టును. మిగిలిన పదకొండు మాత్రలు అక్కడనే యుండి మెత్తబడిపోవును. ఆ పదకొండు మాత్రలు విరేచనములకు గాదు, పోయిన జింకును తిరిగి నింపుటకనియు, రాబోవు నెలలలో బిడ్డ ఎదుగుటకనియు ఆమెకు ఒక్క మాట ఎవరైన చెప్పిన బాగుండును. ఇంతకంటె చౌకగా దొరకు ఎదుగుదల మందు ఈ దేశమున మరియొకటి లేదని నా నమ్మకము.

అయినను జింకు నొక సర్వరోగ నివారిణిగా చాటుటకు నేను పూనుకొనలేదు. అనేక దేశముల పరిశోధనలను గుదిగుచ్చి చూచిన పండితులు, దినమునకు 10 మిల్లీగ్రాముల చొప్పున 24 వారములు ఇచ్చినప్పుడు ఐదేండ్ల లోపు పిల్లలు సగటున 0.37 సెంటీమీటరు మాత్రమే అదనముగా పెరిగిరని 2011లో తేల్చిరి. సగటు లెక్కలో కొరత గలవారును లేనివారును కలిసియుందురు గనుక, నిజముగా కొరత గల బిడ్డకు కలుగు మేలు ఈ అంకెలో మరుగుపడియుండవచ్చును. అయినను ఒక్క జింకుతో పిల్లలందరును పొడగరులగుదురను ఆశ నిలువదు. మాంసకృత్తులు, ఇనుము, అయొడిను, శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, నిద్ర, ఇవి యన్నియు కూడవలెను. వైద్యుడు చెప్పక నెలల తరబడి జింకు మాత్రలు మింగించినచో దేహములో రాగి తగ్గి కొత్త జబ్బు వచ్చును. ఇక టీవీలలో ఊదరగొట్టు ఎత్తు పెంచు పొడుల మాట యన్ననో, చక్కెర మిక్కిలిగా గల ఆ డబ్బాలకై కూలి తల్లి రెండు దినముల కూలి ధారపోయుట చూచి నాకు కోపము కంటె దుఃఖమే ఎక్కువగా కలుగును. ఆ డబ్బుతో నెలకు సరిపడు పల్లీలు, నువ్వులు, బెల్లము మన సంతలోనే వచ్చును.

ఇప్పుడు నిజముగా హార్మోను లోపించిన బిడ్డ విషయము. ఇట్టివారు వేలలో ఒక్కరు గాని యుండరు; కాని ఆ యొక్కరి జీవితము మనము కనిపెట్టు వయస్సును బట్టి యుండును. ఈ బిడ్డ పుట్టినప్పుడు అందరివలెనే యుండును; ఏడాది రెండేండ్లు దాటిన పిమ్మట ఎదుగుదల మందగించును. బక్కచిక్కదు, పైగా కొంత బొద్దుగా, వయస్సు కంటె చిన్నదైన ముద్దుమొగముతో, సన్నని గొంతుతో నుండును, తెలివికి లోటుండదు. అందుచేతనే ఎవరికిని అనుమానము రాదు. మొదటి యేడు 25, రెండవ యేడు 12 సెంటీమీటర్ల చొప్పున పెరిగిన బిడ్డ, నాలుగేండ్లు దాటినది మొదలు యౌవనము వచ్చు వరకు ఏడాదికి 5 సెంటీమీటర్లకు తక్కువ గాకుండ పెరుగవలెను. 4 సెంటీమీటర్లకు దిగినచో విచారింప వలసినదే. విచారణ యనగా ఎడమచేతి మణికట్టునకు ఎక్స్‌రే తీసి ఎముక వయస్సు చూచుట, థైరాయిడు పరీక్ష, గోధుమ పడని సీలియాక్ వ్యాధి పరీక్ష, బాలిక యైనచో టర్నర్ లక్షణ మున్నదేమోయని క్రోమోజోముల పరీక్ష. ఇవి యన్నియు తేలిన పిమ్మటనే హార్మోను పరీక్ష. బిడ్డను పరగడుపున కూర్చుండబెట్టి, హార్మోనును ప్రేరేపించు మందిచ్చి, అరగంట కొకసారి రక్తము తీయవలెను. అది యొకసారి గాక రెండు విధముల చేసి చూచి గాని నిర్ధారింపరు.

నిర్ధారణ యైన పిమ్మట ప్రతి రాత్రియు పరుండబోవునప్పుడు తొడకో పొట్టకో సూది. ఒకనాడు కాదు, ఒక నెల కాదు. ఎముకల కొనలు మూసికొని ఎదుగుదల ముగియు వరకు ఏండ్ల తరబడి. పూర్వము ఈ హార్మోనును మృతుల పీయూష గ్రంథుల నుండి తీయుచుండిరి. దాని వలన కొందరికి ఘోరమైన మెదడు వ్యాధి సోకుట చేత 1985లో అది మానివేసి, జన్యుశాస్త్ర పద్ధతిని ప్రయోగశాలలో తయారుచేయసాగిరి. మందు నేడు నిర్భయముగా దొరకును. కాని దాని మోతాదు బిడ్డ బరువును బట్టి, ఖర్చు మోతాదును బట్టి పెరుగును. కూలి కుటుంబమునకు అది నెలనెల అప్పు. అదియు గాక ఆ మందును ఫ్రిజ్‌లో చల్లగా ఉంచవలెను. ఫ్రిజ్ లేని ఇల్లు, ఉన్నను మండువేసవిలో కరెంటు నిలువని ఊరు, ఏడేండ్ల బిడ్డకు చేయి వణకకుండ సూది గుచ్చవలసిన తల్లి. మన వైద్య పథకములు రచించువారు ఆ రాత్రి తొమ్మిది గంటల వేళను ఒక్కసారి కన్నుల ముందు నిలుపుకొనవలెను.

సహాయము లేదని కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానములో, నిర్ధారితమైన గ్రోత్ హార్మోను లోపమునకు హార్మోను చికిత్స కూడ చేర్చబడియున్నది; ఆ విధానము క్రింద రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయము చేయు వీలు 2022లో కలిగినది; మన రాష్ట్రమునకు హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రియు, సి.డి.ఎఫ్.డి. సంస్థయు కలిసి కేంద్రముగా నున్నవి. కాని అలంపురము ప్రక్క పల్లెలోని తండ్రికి నిమ్స్ తలుపు ఎవరు చూపవలెను? పరీక్ష కొకసారి, రిపోర్టు కొకసారి, మరల రమ్మన్న నాడొకసారి గద్వాల నుండి కాచిగూడ రైలెక్కి, పోయిన ప్రతిసారి కూలి పోగొట్టుకొని, మూడవమారునకు విసిగి మానివేయుట లోకసహజము. బిడ్డ ఎముక ఆ తండ్రి తీరిక కొరకు ఆగదు; పదునాలుగేండ్లకో పదునారేండ్లకో మూసికొనును. ఆ పిమ్మట ప్రపంచములోని హార్మోను అంతయు తెచ్చి ఇచ్చినను ఒక్క అంగుళము పెరుగదు.

అందుకే ఈ పని జిల్లాలో మొదలు కావలెను. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుండి వేరుపడి మూడు జిల్లాలు ఏర్పడినవి. 2022 నవంబరులో వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరచిరి. 2024లో గద్వాలకును వచ్చినది. పిల్లల వైద్యులు, ఎక్స్‌రే, రక్తపరీక్షల ప్రయోగశాల ఇప్పుడు మన గడపలోనే యున్నవి. వారమున కొక దినము, ఉదాహరణకు సంత దినమున, ఎదుగుదల కొరకే ఒక ఓ.పి. నడుపుటకు కొత్త భవనము అక్కరలేదు. గోడకు బిగించిన కొలబద్ద, ఎదుగుదల పట్టిక, తిండి సంగతి ఓపికగా అడుగు ఒక పోషకాహార నిపుణురాలు ఉన్నచో చాలును. మొదట తిండి విచారణ, రక్తహీనతకు చికిత్స, అవసరమైనచో నిర్ణీత కాలము జింకు. ఆరు నెలలకు మరల కొలుచుట. ఎదుగుదల అందుకొనని బిడ్డను ఆ కాలేజీవారే నిమ్స్ నిపుణులతో మాట్లాడి, తేదీ నిర్ణయించి, కాగితములు సిద్ధపరచి పంపుట. ఎముక వయస్సు, థైరాయిడు పరీక్షలు మాత్రము మొదటినాడే జరుగవలెను; తిండి పేరు చెప్పి జబ్బును దాచరాదు. చికిత్స మొదలైన పిమ్మట మందును జిల్లా ఆసుపత్రి ఫ్రిజ్ నుండియే నెలనెల ఇచ్చు ఏర్పాటు చేయవలెను.

ఆ ఓ.పి.కి బిడ్డను పంపవలసినది బడి. అంగన్‌వాడీలో ఆరేండ్ల వరకు ఎత్తు బరువులు వ్రాయుదురు. చేతిలో ఫోను, గదిలో కొలబద్ద యున్నవి. ఆ పిమ్మట బిడ్డ బడికి పోవును, ఆ లెక్క అక్కడితో తెగిపోవును. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013 నుండి ఉన్నది. పద్దెనిమిదేండ్ల లోపు వారినందరిని చూడవలసిన ఆ సంచార బృందములు బడికి వచ్చి పోవుచున్నవి. ఒకనాటి ఎత్తు మాత్రము చూచి పోయినచో ప్రయోజనము స్వల్పము. నిరుటి ఎత్తుతో పోల్చినప్పుడే జాడ్యము బయటపడును. కావున జూన్‌లో బడి తెరచిన వారమున ఒకసారి, డిసెంబరులో మరియొకసారి, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలిచి, హాజరు పట్టికలోనే బిడ్డ పేరునకు ఎదురుగా వ్రాయవలెను. ఆరు నెలలలో రెండు సెంటీమీటర్లయినను పెరుగని బిడ్డ పేరును ప్రధానోపాధ్యాయుడు ఆ బృందమునకు ఇయ్యవలెను. దీనికి ఒక టేపు, ఒక గంట సేపు తప్ప పైకము అక్కరలేదు.

గద్వాల, అలంపురముల నడిగడ్డలో సీడు పత్తి క్రాసింగు కాలము వచ్చినప్పుడు పదేండ్లు దాటిన ఆడపిల్లలు బడి మానుట ఇంకను పూర్తిగా అంతరింపలేదు. మగపూవు పుప్పొడిని ఆడపూవుకు అద్దు ఆ సున్నితమైన పనికి చిన్న వ్రేళ్లే అనువని వారిని తీసికొని పోవుదురు. ఎదుగుదల వేగమెత్తవలసిన ఆ నెలలలోనే వారు మిట్టమధ్యాహ్నపు ఎండలో సాలుల మధ్య వంగియుందురు, బడిలోని గుడ్డును కోల్పోవుదురు. వలస పోయిన కుటుంబపు బిడ్డ అంగన్‌వాడీ పట్టికలో ‘లేదు’ అను గీతగా మిగులును. ఈ పిల్లల ఎత్తు లెక్క కాగితము వారితో పాటు పయనింపవలెను. తల్లీబిడ్డల కార్డును పదునెనిమిదేండ్ల వరకు పొడిగించి, ఏ ఊరనైనను ఎవరైనను చదువగలుగునట్లు చేయవలెను.

చివరకు మిగిలినది తిండి. రేషను, మధ్యాహ్న భోజన బియ్యములో కలుపు పోషక గింజలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 తప్పనిసరి; జింకు మాత్రము ఇష్టమున్నచో కలుపవచ్చునని నియమము. ఇష్టము ఎవరిది? నూటికి 32 మంది కౌమారులకు కొరత యున్నదని ప్రభుత్వపు సర్వేయే చెప్పిన పిమ్మట దానిని ఐచ్ఛికముగా వదలివేయుటకు నాకు కారణము కనబడదు. బియ్యములోనే జింకు మిక్కిలిగా నుండు డి.ఆర్.ఆర్. ధాన్ 45 అను వంగడమును రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ 2016లోనే విడుదల చేసినది. పాలిషు పట్టిన పిమ్మటయు కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింకు నిలుచును. జూరాల ఆయకట్టులో కొంత భూమిని ఆ వంగడమునకు కేటాయించి, పండిన ధాన్యమును మంచి ధరకు కొని, ఈ మూడు జిల్లాల అంగన్‌వాడీలకే ఇచ్చినచో రైతునకును మేలు, బిడ్డకును మేలు. వనపర్తి మార్కెట్టుకు వచ్చు పల్లీలతో, నువ్వులతో బెల్లము చేర్చి మహిళా సంఘములచే ముద్దలు చేయించి వారమున మూడు దినములు బడిలో పంచుట ఏ జిల్లా కలెక్టరుకైనను సాధ్యమే. వచ్చే ఖరీఫు ప్రణాళిక, వచ్చే విద్యా సంవత్సరపు ప్రణాళిక ఒకే బల్ల మీద పెట్టుకొని వ్యవసాయాధికారియు, వైద్యాధికారియు, విద్యాధికారియు కూర్చుండి మాట్లాడినచో, ఇందులో సగము పని జూన్‌లో బడులు తెరచు లోపలనే మొదలు పెట్టవచ్చును.